విద్యుత్తు పలికిన బాఖ్ సంగీతము

సంగీతపు తరగతిలో విద్యార్థులు మమ్ము తఱచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు: "అయ్యా, కీబోర్డుపై ఒక్క మీట నొక్కినంతనే తాళమును శ్రుతియు వాటియంతట అవియే వచ్చుచున్నవి గదా! ఇక మేము స్వరములు సాధన చేయుట యెందుకు?" తల్లిదండ్రులలో కొందరి మాట వేరు. "యంత్రపు పాటకు ప్రాణము లేదు, అది దేవాలయములో తగదు" అని వారందురు. ఈ రెండు మాటలును ఒకదానికొకటి విరుద్ధముగా తోచినను, రెంటికిని మూలమొక్కటే. యంత్రము తనంతట తానే పాడునని ఉభయులును తలంచుచున్నారు. ఈ తలంపు ఎంతవరకు నిజమో తెలిసికొనుటకై 1968వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికా దేశమున కొలంబియా కంపెనీవారు వెలువరించిన ఒక రికార్డు చరిత్రను ఇచట వివరింపబూనితిమి. దాని పేరు "స్విచ్డ్ ఆన్ బాఖ్". అనగా, బాఖ్ సంగీతమునకు విద్యుత్తు మీట వేసిరని భావము.

ఈ రికార్డును తయారుచేసినవారు వెండీ కార్లోస్ గారు. ఆమె 1939లో రోడ్ ఐలండు రాష్ట్రమందలి పాటకెట్ పట్టణమున జన్మించిరి. బ్రౌన్ విశ్వవిద్యాలయమున సంగీతమును భౌతికశాస్త్రమును చదివి, పిమ్మట న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున స్వరరచన నభ్యసించిరి. ఈ పనిలో ఆమెకు రేచల్ ఎల్కిండ్ గారును బెంజమిన్ ఫోక్‌మన్ గారును తోడ్పడిరి. ఆమె ఉపయోగించిన వాద్యము సింథసైజరు. దానిని రాబర్టు మోగ్ అను శాస్త్రజ్ఞుడు 1964 మొదలుకొని నిర్మించుచుండెను.

ఆ యంత్రము ధ్వనిని ఎట్లు పుట్టించునో మన హార్మోనియముతో పోల్చిన సులభముగా బోధపడును. హార్మోనియములో తిత్తి గాలిని రీడు మీదికి త్రోయగా రీడు కంపించును. ఆ కంపనమే నాదము. సింథసైజరులో తిత్తియు లేదు, రీడును లేదు. విద్యుత్తే ముందు వెనుకలకు ఊగులాడును. ఆ ఊగు లౌడుస్పీకరును కదల్పగా గాలి కంపించి మన చెవికి స్వరముగా వినవచ్చును. సెకనుకు 440 మారులు ఊగిన ఒక స్వరము, 880 మారులు ఊగిన అదే స్వరము పై స్థాయిలో వినబడును. మోగ్ గారు తమ యంత్రమందు ఒక్క వోల్టు పెంచినచో ఊగు సరిగా రెట్టింపగునట్లు ఏర్పాటు చేసిరి. కాబట్టి కీబోర్డు మెట్టు నొక్కుట యనగా ఇన్ని వోల్టులు పంపుమని ఆజ్ఞాపించుటయే.

స్వరము పుట్టిన మాత్రమున వాద్యము కాజాలదు. వేణువును వీణయు ఒకే స్వరమును పలికినను మనము కన్నులు మూసికొని వాటిని గుర్తింపగలము గదా. అట్టి భేదము కొఱకు సింథసైజరులో రెండు ఉపాయములు కలవు. మొదటిది జల్లెడవంటిది, అది ధ్వనిలోని సన్నని అనుస్వరములను కావలసినంత మేరకు తీసివేయును. రెండవది ధ్వని యొక్క పుట్టుకను చావును దిద్దునది. దేవాలయపు గంట కొట్టినంతనే గట్టిగా మ్రోగి మెల్లగా అణగును. హార్మోనియము గాలి నిండినకొలది పెరిగి, గాలి తగ్గగా ఆగును. ఇట్టి తేడాలనెల్ల తీగెలు కలిపియు బొత్తాములు త్రిప్పియు వాద్యకారుడే నిర్ణయింపవలెను.

ఇక ముఖ్యమైన సంగతి చెప్పెదము. ఆ కాలపు సింథసైజరు ఒకసారికి ఒక్క స్వరమునే పలుకగలిగెడిది. మూడు మెట్లు ఒక్కసారి నొక్కినను మూడు స్వరములు వచ్చెడివి కావు. మన పాఠశాల హార్మోనియముపై చిన్నపిల్లవాడు చేయగల పనిని ఆ గొప్ప యంత్రము చేయలేకపోయెను! కావున కార్లోస్ గారు ఒక్కొక్క స్వరపంక్తిని విడివిడిగా వాయించి, తాము స్వయముగా కూర్చుకొనిన ఎనిమిది వరుసల టేపు యంత్రముపై ఒకదాని ప్రక్కన ఒకటి ముద్రించుచు వచ్చిరి. యంత్రము పలుమారులు శ్రుతి తప్పెడిది. అప్పుడు ఆగి, శ్రుతి సరిచేసికొని మరల మొదలుపెట్టవలసియుండెడిది. ఒక్క రికార్డునకు పట్టిన కాలము సుమారు వేయి గంటలు. మీట నొక్కి చేతులు ముడుచుకొని కూర్చుండుటకు అచట తావెక్కడిది?

ఒక్క స్వరము మాత్రమే పలుకు యంత్రమునకు బాఖ్ సంగీతమునే యేల ఎన్నుకొనిరి? యోహాను సెబాస్టియన్ బాఖ్ 1685లో జర్మనీ దేశమున జన్మించి, 1723 మొదలు 1750లో మరణించువరకు లైప్జిగ్ నగరమున దేవాలయ సంగీతమును నడుపుచు, సెయింటు తామసు పాఠశాల బాలురకు పాట నేర్పిన ఉపాధ్యాయుడు. ఆయన రచనలలో రెండు, మూడు, నాలుగు రాగపంక్తులు ఏకకాలమున నడచును. ఏ పంక్తియు మఱియొకదానికి దాసి కాదు. ఒక్కొక్కదానిని విడదీసి వాయించినను అది సంపూర్ణమైన పాటయే. అందుచేత విడివిడిగా వాయించి కూర్చు పద్ధతికి ఆ సంగీతము చక్కగా ఇమిడినది. ఈ రికార్డులోని రెండు పంక్తుల "ఇన్వెన్షను"లు బాఖ్ విద్యార్థుల అభ్యాసము కొఱకే వ్రాసినవని మన పిల్లలు గమనింతురు గాక.

వాద్యము మార్చుట అపచారమని తలంచువారికి ఇందలి మొదటి రచనయే ఉత్తరము. అది బాఖ్ 29వ కాంటాటాకు పీఠికగా ఆర్గనుకును వాద్యబృందమునకును వ్రాసినది. కాని దాని రాగము ఆయనయే పూర్వము ఒంటి వయొలినుకు వ్రాసియుండెను. వయొలినునుండి ఆర్గనుకు మార్చిన చేయి బాఖ్‌దే. "బ్రాండెన్‌బర్గు" మూడవ కచేరీయందు నడిమి భాగమునకు బాఖ్ రెండు స్వరమేళములు మాత్రమే వ్రాసి విడిచెను. మిగిలిన దానిని కార్లోస్ గారు తమ కల్పనతో నింపిరి.

ఈ రికార్డు అమెరికాలో శాస్త్రీయ సంగీతపు పట్టికయందు 1969 నుండి 1972 వరకు అగ్రస్థానమున నిలిచెను. 1970లో మూడు గ్రామీ బహుమానములు పొందెను. పది లక్షలకు మించిన ప్రతులు అమ్ముడుపోయినట్లు 1986లో ధ్రువీకరింపబడెను. 2005లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు భద్రపరుపదగిన ధ్వనిముద్రణలలో దీనిని చేర్చిరి. అంతకు పూర్వము విశ్వవిద్యాలయములలో కొందరికే తెలిసిన సింథసైజరు దీనిచే లోకవిదితమైనది.

ఇందు లోపములు లేవని మేమనము. కొన్ని ధ్వనులు చెవికి గఱుకుగా తోచును. కీర్తన రాగము వినబడినను కీర్తన మాట వినబడదు. సంఘము నోరార పాడిన పాటకు ఇది బదులు కానేరదు. అయినను తల్లిదండ్రులకు మా మనవి యేమన, హార్మోనియమును ఐరోపాలో పుట్టిన యంత్రమే. దానిని మనవారు ఆరాధనకు వినియోగించుకొనినందున అది మనదైనది. యంత్రమును చూచి భయపడనక్కఱలేదు. వాయించువాని హృదయమును చూడవలెను.

విద్యార్థులారా, ఈ రికార్డులో "మేల్కొనుడి" అను ప్రసిద్ధ జర్మను కీర్తన కలదు. ఫిలిప్పు నికొలాయ్ అను బోధకుడు 1599లో ప్రకటించిన ఆ కీర్తన పదిమంది కన్యకల ఉపమానముపై వ్రాయబడినది. ఆ పదిమంది చేతులలోను దివిటీలుండెను. అయిదుగురి యొద్ద మాత్రమే చాలినంత నూనె యుండెను. నేడు మీయందరి చేతికిని కీబోర్డు అందుచున్నది. అది దివిటీ మాత్రమే. కార్లోస్ గారి వేయి గంటలు ఆ నూనె వంటివి. స్వరములు నేర్వనివాని చేతిలో మీట మ్రోగునే గాని పాడదు. రేపటి తరగతికి "ఇన్వెన్షను"లోని మొదటి పంక్తిని ఒక్క చేతితో, నెమ్మదిగా, తప్పులేకుండ వాయించుకొని రండు. రెండవ పంక్తిని పిమ్మట కూర్చుకొందము.