చేవెళ్ల మర్రికి బ్యాకప్

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా మర్రిచెట్లు గొడుగు పట్టినట్టు ఉంటాయి. నిజాం కాలంలో నాటినవని చెప్పుకుంటారు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 900 ఉంటాయని లెక్క. రోడ్డు వెడల్పు పనుల్లో ఇవి పోతాయన్న భయంతో విషయం నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పెద్ద చెట్టును వేళ్లతో సహా తీసి వేరేచోట నాటాలంటే క్రేన్లు, లారీలు కావాలి. కానీ అదే చెట్టుని ఇంకోచోట మొదలుపెట్టడానికి ఒక కొమ్మ, కాస్త ఓపిక చాలు.

గింజతో ఎందుకు వద్దు? మర్రిపండు నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. చీమకన్నా చిన్న కందిరీగ జాతి పురుగు లోపలికి దూరితేనే గింజ కడుతుంది. పక్షి రెట్టలో పడ్డ ఆ గింజ తాటిచెట్టు మీదో, పాత గోడ పగుల్లోనో మొలుస్తుంది. అలా వచ్చింది తల్లికి పిల్ల. కొమ్మతో వచ్చింది మాత్రం జిరాక్స్ కాపీ, అంటే అదే చెట్టు. కొమ్మలోంచి వేరు పుట్టగలదని ఊడలే చెప్తున్నాయి కదా!

పచ్చని చెట్టు మీద కత్తి పెట్టొద్దు. గాలివానకి విరిగినవి, కరెంటు తీగలకి అడ్డమని కొట్టేసినవి దొరుకుతాయి. మణికట్టంత లావు, నాలుగైదు అడుగుల పొడవు ఉన్న తాజా కొమ్మ తీసుకోండి. కింది చివర ఏటవాలుగా, పై చివర సమంగా కోయండి. అప్పుడు తలకిందులుగా పాతే ప్రమాదం ఉండదు. ఆకులు తీసేసి, పాలు కారడం ఆగేదాకా నీడలో ఉంచి, పై కోతకి పేడ అద్దండి. జూన్, జులైలో ఎర్రమట్టిలో అడుగున్నర లోతు పాతండి. తడి ఉండాలి, నీళ్లు నిలవకూడదు.

కొన్ని వారాల్లో చిగుళ్లొస్తాయి. అప్పుడే స్టేటస్ పెట్టకండి! కొమ్మలో దాచుకున్న ఆహారంతోనే ఆకులు వచ్చేస్తాయి, వేళ్లు ఇంకా రాకపోవచ్చు. కదిపి చూస్తే ఆ లేత వేళ్లు కూడా తెగుతాయి. వానాకాలం పోయాక కూడా, ముఖ్యంగా మొదటి ఎండాకాలం నీళ్లు తప్పనిసరి.

హాస్టల్ గోడ, పైపులైన్ దగ్గర మాత్రం నాటొద్దు. చెరువుగట్టుకి దూరంగా ఉన్న ఖాళీ జాగా, గ్రౌండ్ అంచు మేలు.

ఒక్కమాట. కొమ్మ నాటాం కాబట్టి పెద్ద చెట్టు కొట్టేసినా పర్లేదు అనుకోవద్దు. ఆ నీడ, ఆ తొర్రలు, ఆ పక్షులు రావడానికి మన జీవితకాలం చాలదు. బ్యాకప్ ఉంది కదా అని ఒరిజినల్ డిలీట్ చేస్తామా?