నూనెకు లొంగని రబ్బరు

పాత మోటార్‌సైకిల్ కొన్నవాళ్ల కళ్లు ముందు ట్యాంకు రంగు మీద, సైలెన్సర్ మెరుపు మీద పడతాయి. ఇంజిన్ వెనక సందులో వేలాడే రెండు నల్లటి గొట్టాల మీద పడవు. 1960ల నాటి ట్రయంఫ్ బోనెవిల్‌కి ప్రాణం ఆ గొట్టాల్లోనే ఉంది.

1959 నుంచి ఇంగ్లండులో, కోవెంట్రీ దగ్గరి మెరిడెన్‌లో తయారైన ఈ 650 సీసీ బండిలో ఆయిల్ ఇంజిన్ అడుగున నిలవ ఉండదు. సీటు కింద దానికి వేరే ట్యాంకు. అందులో దాదాపు మూడు లీటర్లు పడుతుంది. ఒక గొట్టం దాన్ని పంపుకు అందిస్తుంది, పంపు బేరింగులకు తోస్తుంది. పని ముగిసి అడుక్కు జారిన ఆయిల్‌ను అదే పంపులోని రెండో ప్లంజరు పీల్చి, ఇంకో గొట్టం గుండా ట్యాంకుకు తిప్పి పంపుతుంది. దీన్నే డ్రై సంప్ అంటారు.

ట్యాంకు ఫ్రేముకు ఉంటుంది, పంపు ఇంజిన్‌లో ఉంటుంది. రెండు పిస్టన్లూ ఒక్కసారే లేచి ఒక్కసారే దిగే ఇంజిన్ ఇది, కాబట్టి అదురు ఎక్కువ. మొత్తం రాగి పైపే వేస్తే అదిరీ అదిరీ రాగి గట్టిపడి, చివరికి పెళుసై చిట్లుతుంది. అందుకే మధ్యలో వంగే ముక్క ఒకటి కావాలి. వంగేది అనగానే గుర్తొచ్చేది రబ్బరు. చిక్కు కూడా అక్కడే మొదలైంది.

చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకంతో రబ్బరును ఉడికించి, ఎండకు కరగని, చలికి పగలని పదార్థంగా మార్చాడు. కానీ నూనె ముందు అదీ నిలవలేదు. చెట్టుపాల రబ్బరు, నేల నుంచి తీసిన నూనె రెండూ హైడ్రోకార్బన్లే. ఒకే జాతివి కాబట్టి నూనె అణువులు రబ్బరు గొలుసుల మధ్యకు చుట్టాల్లా వచ్చి కూర్చుంటాయి. గంధకం వేసిన ముడులు ఉండబట్టి రబ్బరు కరిగిపోదు కానీ, నానబోసిన శనగల్లా ఉబ్బుతుంది, మెత్తబడి సత్తువ కోల్పోతుంది.

ఇక్కడ మన చెలకల మాట ఒకటి చెప్పాలి. తొలినాటి రేసు బండ్లు, మొదటి ప్రపంచ యుద్ధపు విమానాలు చాలావరకు ఆముదంతో తిరిగాయి. 1909లో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన ఆయిల్‌కి పెట్టుకున్న కాస్ట్రాల్ అనే పేరు ఆముదం ఇంగ్లీషు పేరు నుంచే వచ్చింది. నల్లగొండ, పాలమూరు చెలకల్లో పండే ఆ గింజ నూనె అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఒకటి ఉంటుంది. దానివల్ల ఆముదం మిగతా నూనెలకు కాస్త ఎడంగా ఉంటుంది, రబ్బరును పెద్దగా బాధించదు. పాతకాలపు హైడ్రాలిక్ బ్రేకుల ద్రవంలో ఆముదం వాడటానికి కారణం ఇదే. కానీ మామూలు బండ్లు మినరల్ ఆయిల్ మీదే నడిచాయి. వాటికి నూనె జాతికి చెందని రబ్బరు కావాలి.

అది 1930లలో రెండు చోట్ల పుట్టింది. 1930లో అమెరికాలోని డ్యూపాంట్‌లో, వాలెస్ కరోథర్స్ బృందం నియోప్రీన్‌ను కనిపెట్టింది. దాని గొలుసులో క్లోరిన్ ఉంటుంది. కొద్ది ఏళ్లకే జర్మనీలో ఐజీ ఫార్బెన్ రసాయన శాస్త్రవేత్తలు నైట్రైల్ రబ్బరును తెచ్చారు. అందులోని ఆక్రిలోనైట్రైల్ నూనెను దగ్గరకు రానివ్వదు. దాని పాలు పెంచినకొద్దీ నూనెకు లొంగదు, అయితే చలికి బిరుసెక్కుతుంది. ఎంత కలపాలన్నది తయారీదారు తూచుకోవాల్సిన విషయం. నైట్రైల్‌కీ ఒక బలహీనత ఉంది. ఎండకు, గాలిలోని ఓజోన్‌కు అది నెర్రెలిస్తుంది. నియోప్రీన్ వాటిని బాగా తట్టుకుంటుంది. అందువల్ల ఇప్పటి మంచి ఆయిల్ గొట్టాల్లో చాలావాటికి లోపలి పొర నైట్రైల్, పై పొర నియోప్రీన్, మధ్యలో దారపు అల్లిక. రెండు దేశాల ప్రయోగశాలల్లో పుట్టిన పదార్థాలు ఒకే గొట్టంలో ఒకదాన్నొకటి కాచుకుంటున్నాయి. చూడటానికి మామూలు నల్ల పైపు. నాకు మాత్రం దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

అందుకే గొట్టం కొనేటప్పుడు పైన చూసి కొనకూడదు. ఒకసారి పాత గొట్టం ఒకదాన్ని నిలువునా చీల్చి చూశాను. పైన నిగనిగలాడుతోంది. లోపలి పొర మాత్రం ఊడి నాలుకలా లేచి నిలబడింది. పంపు పీల్చినప్పుడల్లా ఆ నాలుక దారికి అడ్డం పడుతుంది. బండివాడికి బయట ఒక్క చుక్క కారినట్టు కూడా కనపడదు, లోపల బేరింగులు ఎండిపోతుంటాయి.

చాలామంది గొట్టం పగిలిపోతుందేమోనని భయపడి, మందంగా, స్టీలు అల్లికతో ఉన్నది వెతుకుతారు. అసలు ఒత్తిడి పంపు దాటాక ఇంజిన్ లోపల ఉంటుంది. ట్యాంకు నుంచి పంపుకు వెళ్లే గొట్టంలో ఉండేది పీలుపు. చల్లటి ఉదయం చిక్కటి ఆయిల్‌ను పంపు లాగుతుంటే, మెత్తబడిన గొట్టం అప్పడంలా అతుక్కుపోవచ్చు. క్లిప్పు వదులైతే అక్కడ గాలి దూరుతుంది. ఈ గొట్టం పగలడం కన్నా మూసుకుపోవడమే పెద్ద ప్రమాదం. ఎస్ఏఈ 100ఆర్6 అని అచ్చు వేసిన దారపు అల్లిక గొట్టం నూనె కోసమే చేసినది, 100 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. పీలుపు కోసం లోపల తీగ చుట్ట పెట్టి చేసే రకం 100ఆర్4, కానీ అంత సన్నటి సైజులో అది దొరకడం కష్టం. సందులో మెలిక పడకుండా, సైలెన్సర్‌కి, చైనుకి దూరంగా నడిపించగలిగితే మొదటిది చాలు. స్టీలు అల్లిక లోపల ఏ రబ్బరుందో కనపడనివ్వదు, పైగా పక్కనున్న రంగును, అల్యూమినియంను రంపంలా కోస్తుంది. నేను వద్దనే అంటాను.

దుకాణంలో చేతికొచ్చిన గొట్టమల్లా పనికిరాదు. రేడియేటర్ గొట్టాలకు వాడే ఈపీడీఎం రబ్బరు వేడినీళ్లకు, బ్రేకు ద్రవానికి బంగారం లాంటిది, ఇంజిన్ ఆయిల్‌లో మాత్రం ఉబ్బి పాడైపోతుంది. నీలిరంగు సిలికాన్ గొట్టం వేడికి బెదరదు కానీ, మామూలు రకం నూనెను పీల్చుకుంటుంది. లోపల ఆయిల్ కనిపిస్తుందని వేసే పారదర్శకమైన పీవీసీ పైపు వేడికి మెత్తబడి జారిపోతుంది. దాన్ని మెత్తగా ఉంచే పదార్థాన్ని నూనె లాగేస్తే, ఆ తర్వాత కట్టెలా బిగుసుకుపోతుంది. అనుమానం ఉంటే అంగుళం ముక్క కోసి, కొలిచి, ఆయిల్ సీసాలో వారం రోజులు నానేయండి. మళ్లీ కొలిస్తే తేలిపోతుంది.

కొలతల మాటకొస్తే, ఈ బండ్లు అంగుళాల బండ్లు. 5/16 అంగుళం అంటే 7.9 మిల్లీమీటర్లు, కాబట్టి 8 మిల్లీమీటర్ల గొట్టం సరిపోతుంది. 3/8 అంటే 9.5. అక్కడ 10 మిల్లీమీటర్ల గొట్టం వదులవుతుంది. దాన్ని క్లిప్పుతో నొక్కిపెట్టి సరిచేద్దామనుకుంటే గొట్టం ముడుతపడి గాలికి దారిస్తుంది. స్క్రూ తిప్పి బిగించే క్లిప్పు 1921లో లమ్లీ రాబిన్సన్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి ఆలోచన. అది గొప్ప పనిముట్టే. కానీ చీలికలున్న పట్టీలు సన్న గొట్టాన్ని కోస్తాయి, అంచులు మడిచిన రకం వాడటం మేలు.

గొట్టాన్ని హాక్‌సాతో కోయకండి. పదునైన బ్లేడుతో తెగ్గోసి, లోపల శుభ్రంగా కడగండి. ట్రయంఫ్ పంపులో చిన్న ఉక్కు గోలీలే వాల్వులు. ఇసుక రేణువంత రబ్బరు పొట్టు ఆ గోలీ కింద ఇరుక్కుంటే పంపు పని ఆగుతుంది. పాతవి విప్పేముందు ఏది వచ్చేదో, ఏది పోయేదో గుర్తు పెట్టుకోండి.

అన్నీ బిగించాక ట్యాంకు నింపి, ప్లగ్గులు తీసి, కిక్ కొడుతూ ఆయిల్‌ను లోపలికి ఎక్కించండి. తర్వాత స్టార్టు చేసి, ట్యాంకు మూత తీసి లోపలికి చూడండి. తిరిగొచ్చే పైపు మొదట ధారగా పోస్తుంది. అడుగున చేరిన ఆయిల్ అయిపోయాక ధార తెగుతూ, బుడగలతో చిమ్ముతుంది. భయపడకండి. వెనక్కి లాగే ప్లంజరు, ముందుకు తోసేదాని కన్నా పెద్దది, కాబట్టి ఆయిల్‌తో పాటు గాలినీ మింగుతుంది. ఆ తెగి తెగి పడే చిమ్ము కనపడితే రెండు గొట్టాలూ తెరుచుకునే ఉన్నట్టు. ఇక మూత పెట్టేయవచ్చు.