మీటరు చూపే సున్నాకు అర్థం

2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లి పరిధిలోని బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది భాగంలో రేగిన మంటలు పై అంతస్తులకు ఎగబాకి కనీసం తొమ్మిది మంది ప్రాణాలు తీశాయి. అక్కడ ఫైబర్ తయారీలో వాడే పాలిస్టర్ రెసిన్ డ్రమ్ములు నిల్వ ఉన్నట్లు అధికారులు వెల్లడించారు. ఈ తరహా రెసిన్లలో సాధారణంగా స్టైరీన్ అనే ద్రవం కలిసి ఉంటుంది. 2020 మే 7న విశాఖపట్నంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడి పన్నెండు మందిని బలిగొన్నది కూడా స్టైరీన్ ఆవిరే. రసాయనాలు నిల్వ చేసే చోట అటువంటి ఆవిరిని ముందే పసిగట్టేందుకు చేతిలో ఇమిడే మల్టీగ్యాస్ డిటెక్టర్లు ఉన్నాయి గానీ, అవి చూపే అంకెను ఎంతవరకు నమ్మవచ్చన్నది వాటి క్యాలిబ్రేషన్ మీద, అంటే గాఢత తెలిసిన వాయువుతో పోల్చి మీటరును సరిచేయడం మీద ఆధారపడి ఉంటుంది.

ఇటువంటి మీటరులో సాధారణంగా ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్‌లకు వేర్వేరు సెన్సర్లు ఉంటాయి. వీటిలో మండే వాయువుల సెన్సర్ పేలుడు ప్రమాదాన్ని శాతాల్లో చెబుతుంది. స్టైరీన్ నిప్పంటుకోవడానికి గాలిలో కనీసం 0.9 శాతం, అంటే పది లక్షల భాగాలలో 9,000 భాగాలు ఉండాలి. ఈ పది లక్షల లెక్కనే పీపీఎం అంటారు. ఆ స్థాయిలో నూరో వంతు, అంటే సెన్సర్ చూపే ఒక శాతం కూడా 90 పీపీఎం అవుతుంది. పనిరోజు సగటుకు అమెరికాలోని నియోష్ సంస్థ సిఫారసు చేసిన పరిమితి 50 పీపీఎం మాత్రమే కనుక, పేలుడును కనిపెట్టే సెన్సర్ కదలకముందే ఆవిరి మనిషికి హాని చేయగలదు.

ఆ లోటును తీర్చేది ఫొటో అయనైజేషన్ సెన్సర్, క్లుప్తంగా పీఐడీ. అందులోని చిన్న దీపం అతినీలలోహిత కాంతిని వెదజల్లగా, ఆ కాంతి తగిలిన అణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి విద్యుదావేశం పొందుతాయి. అలా పుట్టిన స్వల్ప విద్యుత్ ప్రవాహాన్ని మీటరు పీపీఎంలోకి మారుస్తుంది. ఎక్కువగా వాడే దీపం శక్తి 10.6 ఎలక్ట్రాన్ వోల్టులు. స్టైరీన్‌కు సుమారు 8.4, బెంజీన్‌కు 9.2 చాలు కనుక ఆ రెండూ దొరుకుతాయి. మీథేన్‌కు 12.6, కార్బన్ మోనాక్సైడ్‌కు 14 అవసరం కనుక, అవి ఎంత ఉన్నా ఈ సెన్సర్‌కు కనిపించవు.

క్యాలిబ్రేషన్‌లో మొదటి మెట్టు సున్నాను స్థిరపరచడం. దీనికి స్వచ్ఛమైన గాలి కావాలి. అబిడ్స్ కూడలిలో వాహనాల పొగ మధ్య నిలబడి మీటరును సున్నా చేస్తే, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌నే అది సున్నాగా లెక్కిస్తుంది. అప్పుడు గాలిలో 8 పీపీఎం ఉందనుకుంటే, తర్వాతి ప్రతి కొలతా 8 తక్కువగా వస్తుంది. అందుకే రద్దీ ప్రాంతాల్లో సిలిండరులో నింపిన శుద్ధమైన గాలిని వాడడం మేలు.

రెండో మెట్టులో, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న రాయితో కిరాణా కొట్టు త్రాసును సరిచూసినట్లే, గాఢత ధ్రువీకరించిన వాయువును మీటరుకు అందిస్తారు. పీఐడీకి సాధారణంగా 100 పీపీఎం ఐసోబ్యూటిలీన్‌ను, మిగతా నాలుగు సెన్సర్లకు నాలుగు వాయువులు కలిపిన మరో సిలిండరును వాడతారు. రెగ్యులేటరు బిగించి, ట్యూబు తగిలించి, నిమిషానికి అర లీటరు చొప్పున వాయువును వదిలి, అంకె నిలకడ పడ్డాక మీటరు తన లెక్కను సరిచేసుకునే దాకా ఆగాలి. సిలిండరు గడువు తీరినా, ట్యూబు ఎక్కడైనా లీకైనా, తప్పు అంకే ఒప్పుగా నమోదవుతుంది. దీపం మీద దుమ్ము పేరుకుంటే సెన్సర్ మందగిస్తుంది. వానాకాలపు తేమ కాంతిని కొంత పీల్చుకుని కొలతను తగ్గిస్తుంది. తేమ, దుమ్ము రెండూ కలిస్తే మాత్రం విద్యుత్ లీకై లేని ఆవిరి ఉన్నట్లు అంకె పెరుగుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మీటరు చూపేది ఐసోబ్యూటిలీన్ లెక్కే. అక్కడున్నది స్టైరీన్ అని తెలిసినప్పుడు ఆ అంకెను దాని సవరణ గుణకంతో, అంటే సుమారు 0.4తో హెచ్చించాలి. మీటరు 50 చూపితే అసలు స్టైరీన్ 20 పీపీఎం అన్నమాట. గుణకం దీపాన్ని బట్టి, తయారీదారును బట్టి కొంత మారుతుంది. ఉన్న ఆవిరి ఏదో తెలియనప్పుడు ఏ గుణకమూ పనికిరాదు, ఎందుకంటే పీఐడీ ఎంత ఉందో చెబుతుంది గానీ ఏది ఉందో చెప్పదు.

పూర్తి క్యాలిబ్రేషన్‌ను తయారీదారు చెప్పిన గడువులో చేయిస్తే సరిపోయినా, పనిలోకి దిగే ప్రతి రోజూ కాసేపు వాయువు తగిలించి సెన్సర్లు స్పందిస్తున్నాయో లేదో, అలారం మోగుతుందో లేదో చూసే బంప్ టెస్టును మానకూడదు. పీఐడీ తెర మీద సున్నా కనిపించినప్పుడు ఆవిరి నిజంగా లేకపోవచ్చు, ఉన్న వాయువు ఆ దీపానికి అందనిది కావచ్చు, లేదా దీపమే ఆరిపోయి ఉండవచ్చు. మూడో అనుమానాన్ని తీర్చేది బంప్ టెస్టు, రెండోదాన్ని తీర్చేది నిల్వ ఉన్న రసాయనాల జాబితా. ఈ రెండూ చేతిలో లేకుండా, మీటరు సున్నా చూపింది కదా అని మనిషిని గోదాములోకి పంపడం తగదు.