మార్గం మీద మమకారం: అద్వైతం గుర్తించిన సూక్ష్మబంధం

మనిషి మనసును కట్టిపడేసేవి ఏవని అడిగితే ధనం, సంసారం, కీర్తి అని చెప్పడం అన్ని ఆధ్యాత్మిక సంప్రదాయాలలోనూ కనిపించేదే గాని, ఆ వరుసలో శాస్త్రాధ్యయనాన్నీ, నియమం తప్పని అనుష్ఠానాన్నీ కూడా చేర్చి, వాటినీ ఒకనాటికి విడవవలసిందేనని చెప్పగలగడం అద్వైత వేదాంతం చూపిన అరుదైన నిజాయితీ. ఈ మాటను అందరికంటే వివరంగా చెప్పినవాడు 14వ శతాబ్దానికి చెందిన విద్యారణ్యస్వామి. శృంగేరి పీఠాన్ని అధిష్ఠించిన ఆచార్యుడిగా, విజయనగర స్థాపనతో సంప్రదాయం ముడిపెట్టిన గురువుగా తెలుగువారికి చిరపరిచితుడైన ఆయన, తన ‘జీవన్ముక్తివివేకం’లో వాసనాక్షయం అనే ప్రకరణాన్ని దాదాపు ఒక వైద్యుడు రోగలక్షణాలను పరీక్షించే శ్రద్ధతో రాశాడు. వాసన అంటే ముందువెనుకలు విచారించకుండా మనసు ఒక విషయాన్ని గట్టిగా పట్టుకునే సంస్కారం. లోకమంతా తనను మెచ్చుకోవాలన్న పట్టు లోకవాసన, దేహమే తాననుకొని దాన్ని సింగారించుకుంటూ కాపాడుకునే పట్టు దేహవాసన కాగా, మూడవదైన శాస్త్రవాసనను కూడా ఆయన మొహమాటం లేకుండా మలినవాసనలలోనే చేర్చాడు.

శాస్త్రవాసనను ఆయన మళ్లీ మూడుగా విడదీశాడు. మొదటిది పాఠవ్యసనం, అంటే చదువును ఎంతకీ ముగించలేకపోవడం. దీనికి తైత్తిరీయ బ్రాహ్మణంలోని భరద్వాజుడు ఉదాహరణ. మూడు ఆయుర్దాయాల కాలం బ్రహ్మచర్యంలో వేదాధ్యయనం చేసి, ముసలితనంతో శిథిలమై పడుకొని ఉన్న ఆ ఋషి దగ్గరకు ఇంద్రుడు వచ్చి, నాలుగో ఆయుర్దాయం ఇస్తే ఏం చేస్తావని అడిగితే, మళ్లీ అధ్యయనమే చేస్తానని అతడు బదులిచ్చాడు. అప్పుడు ఇంద్రుడు పర్వతాల వంటి మూడు రాశులను చూపించి, ఒక్కొక్క దానిలోంచి పిడికెడు తీసి, నీవు ఇంతవరకు చదివింది ఈ మూడు పిడికెళ్లేననీ, వేదాలు అనంతమనీ తెలియజెప్పాడు. భరద్వాజుడి శ్రద్ధను ఆ కథ ఎక్కడా చిన్నబుచ్చదు. అంతు లేనిదాన్ని అంతు చూడాలనుకోవడంలోని వ్యర్థతను మాత్రమే ఎత్తిచూపుతుంది.

రెండవది అనేక శాస్త్రాల మీది వ్యసనం. రకరకాల పుస్తకాల మోపుతో మహాదేవుణ్ణి దర్శించడానికి వచ్చిన దుర్వాసుణ్ణి నారదుడు ఆ సభలోనే బరువు మోసే గాడిదతో పోల్చాడనీ, ఆ రోషంలో దుర్వాసుడు పుస్తకాలన్నిటినీ ఉప్పుసముద్రంలో పారవేశాడనీ, ఆ తర్వాతే శివుడు అతణ్ణి ఆత్మవిద్య వైపు నడిపాడనీ విద్యారణ్యుడు చెబుతాడు. వేదభాష్యాల రచనతో ముడిపడిన మాధవ, సాయణుల పరంపరలో నిలిచే ఆచార్యుడే ఈ కథను ఎంచుకోవడం గమనించదగినది. పుస్తకం విలువ తెలియనివాడు చెప్పిన మాట కాదిది.

మూడవదైన అనుష్ఠానవ్యసనం అన్నిటికన్నా సూక్ష్మమైనది, బహుశా నేటి సాధకులకు అన్నిటికన్నా దగ్గరైనది కూడా. ఎక్కడ కూర్చోవాలి, ఏ వేళకు మొదలుపెట్టాలి, ఏ నియమం తప్పితే ఫలం పోతుంది అన్న ఆలోచనే సాధన స్థానాన్ని ఆక్రమించడం దీని లక్షణం. విష్ణుపురాణంలోని నిదాఘుడు గురువైన ఋభువు మళ్లీ మళ్లీ వచ్చి బోధించినా కర్మ మీది పట్టును చాలాకాలం వదులుకోలేకపోయాడు. యోగవాసిష్ఠంలోని దాశూరుడైతే తన అనుష్ఠానానికి తగినంత పరిశుద్ధమైన చోటు భూమి మీద ఎక్కడా కనిపించక చివరికి ఒక చెట్టు కొమ్మ మీదికి చేరాడు. శుచి కోసం భూమినంతటినీ నిరాకరించే స్థితికి వెళ్లిన ఆ శ్రద్ధలో తనకూ, మిగతా లోకానికీ మధ్య గీసుకున్న గీత ఎంత లోతైనదో చూస్తే, అద్వైతి దాన్ని బంధమని ఎందుకన్నాడో అర్థమవుతుంది. శాస్త్రవాసన గర్వానికి దారితీస్తుందని కూడా విద్యారణ్యుడు హెచ్చరించాడు. పన్నెండేళ్లు చదువుకొని, తనంతవాడు లేడన్న భావంతో ఇంటికి తిరిగివచ్చిన ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతువు అందుకు సాక్షి.

అయితే ఇది కేవలం శీలానికి సంబంధించిన హెచ్చరికగా మిగిలిపోదు, ఎందుకంటే దీని వేరు సిద్ధాంతంలోనే ఉంది. కర్మ వల్ల కలిగే ఫలం నాలుగు విధాలని శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో వివరించారు: లేనిది పుట్టడం, దూరంగా ఉన్నది చేతికి అందడం, ఉన్నది మరొక రూపానికి మారడం, మలినమైనది శుద్ధి కావడం. మోక్షం ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ కాదు. పుట్టేదైతే అది ఒకనాటికి నశిస్తుంది, అందుకోవలసినదైతే ఇప్పుడు తనకు వేరుగా ఉండాలి. ఆత్మ అలాంటిది కానప్పుడు మార్గం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందన్న ప్రశ్న తప్పదు. పరమార్థ దృష్టిలో బంధంలో ఉన్నవాడూ, సాధన చేసేవాడూ, ముక్తుడూ ఎవరూ లేరని మాండూక్య కారికలలో గౌడపాదుడు తేల్చినది ఈ తర్కం చివరికంటా వెళ్లినందువల్లనే.

మరి గురువులు మార్గాన్ని ఎందుకు చెప్పారంటే, అందుకు సంప్రదాయం ఇచ్చే సమాధానం అధ్యారోప అపవాద పద్ధతి. తెలియనివాడికి తెలియజెప్పడం కోసం ముందు ఒక వర్ణనను ఆత్మ మీద ఆరోపించి, అతడి బుద్ధి అక్కడ నిలిచాక ఆ వర్ణనను తొలగించడం ఈ పద్ధతి సారాంశం. జగత్తుకు కారణమని మొదట చెప్పిన బ్రహ్మానికి కార్యకారణాలే లేవని తర్వాత చెప్పడం ఇలాంటిదే. సాధకుడన్న గుర్తింపు కూడా ఇలా ఆరోపించినదే కనుక, తొలగింపు వేళ దానికి మినహాయింపు ఉండదు. శంకరుల పేరుతో ప్రసిద్ధమైన ‘ఆత్మబోధ’ దీనికి చిల్లగింజను ఉపమానంగా తీసుకుంది. పూర్వం ఊళ్లలో చెరువు నీళ్లు తేరడానికి ఈ గింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్లు పోసేవారు. ఆ గంధం మట్టిని పట్టుకొని కిందికి దిగుతూ తానూ అడుగున చేరేది, పైన నీరు మాత్రం మిగిలేది. జ్ఞానాభ్యాసం కూడా అజ్ఞానాన్ని పోగొట్టి తానూ లేకుండా పోతుందని ఆ గ్రంథం అభిప్రాయం. ఈ తర్కాన్ని శంకరులు వేదానికి సైతం వర్తింపజేశారు. జ్ఞానోదయమయ్యాక శ్రుతి కూడా లేకుండా పోతుంది కదా అని ఆక్షేపిస్తే, అది తమకు సమ్మతమేనని ఆయన బదులిచ్చారు. వేదాన్ని పరమప్రమాణంగా తలదాల్చిన ఆచార్యుడి నోట ఈ అంగీకారం రావడం భారతీయ తత్త్వచింతనలోని మహోన్నత ఘట్టాలలో ఒకటి.

ఇక్కడే పొరపాటుకూ చోటుంది. ఇటీవల పాశ్చాత్య దేశాలలో నవ అద్వైతంగా ప్రచారంలోకి వచ్చిన బోధలలో కొన్ని, చేయవలసిందేమీ లేదు, నీవు ఇప్పటికే ముక్తుడివి అన్న ముగింపు మాటనే మొదటి పాఠంగా చెబుతున్నాయి. నిత్యానిత్య వివేకం, వైరాగ్యం, శమదమాదులైన ఆరు గుణాలు, మోక్షం మీద తీవ్రమైన కోరిక అనే సాధనచతుష్టయం సమకూరినవాడికే ఆ మాట పనిచేస్తుందని శంకరులు పెట్టిన నియమాన్ని అవి దాటివేస్తాయి. అరగదీయని గింజ నీటిని తేర్చలేదు. పట్టుకోనిదాన్ని వదిలానని చెప్పుకోవడం వైరాగ్యం అనిపించుకోదు.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి ఏర్పడిన నక్షత్ర సంఘాన్ని రద్దు చేస్తూ, సత్యాన్ని ఏ మార్గం ద్వారానూ, ఏ మతశాఖ ద్వారానూ చేరలేమని ప్రకటించాడు. ఆస్తులనూ, అనుచరగణాన్నీ, సిద్ధంగా ఉన్న సింహాసనాన్నీ వదులుకున్న ఆ త్యాగం అసాధారణం. అయినా ఆయన దారీ వేదాంతుల దారీ ఒకటి కావు. ఆయన గురువునూ, శాస్త్రాన్నీ మొదటి నుంచే తోసిపుచ్చగా, వేదాంతం వాటి చేత పని చేయించుకొని ఆ తర్వాత వదులుతుంది. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు కహోలుడికి చెప్పిన క్రమం అదే: పాండిత్యాన్ని సంపూర్ణంగా గడించి, ఆపైన బాలభావంలో నిలిచి, ఆపైన మౌని అయి, చివరకు మౌనాన్నీ అమౌనాన్నీ కూడా ముగించినవాడే బ్రహ్మజ్ఞుడు.

ముగించడమంటే మానేయడమేనా అన్న సందేహానికి తెలుగునేల నుంచి వెళ్లిన ఒక మహాపండితుడి జీవితంలో సమాధానం దొరుకుతుంది. బొబ్బిలి దగ్గరి కలువరాయిలో 1878లో పుట్టిన కావ్యకంఠ గణపతిముని చిన్ననాటి నుంచీ మంత్రజపంలో మునిగి, ఎన్నో క్షేత్రాలలో తపస్సు చేసి, అయినా తపస్సు స్వరూపమేమిటో తెలియలేదన్న ఆర్తితో 1907 నవంబరులో అరుణాచలం కొండ మీద ఉన్న యువ సన్యాసిని ఆశ్రయించాడు. ‘నేను’ అన్న భావం ఎక్కడి నుంచి పుడుతుందో గమనిస్తే మనసు అక్కడ లీనమవుతుందనీ, మంత్రం జపించేటప్పుడు ఆ ధ్వని ఎక్కడి నుంచి వస్తోందో గమనించినా అంతేననీ, అదే తపస్సనీ ఆయనకు ఉపదేశం లభించింది. ఆ యువకుణ్ణి రమణ మహర్షి అని పిలిచి లోకానికి చాటినవాడు గణపతిమునే. మంత్రాన్ని విడిచిపెట్టమని మహర్షి ఆయనతో చెప్పలేదు, ఆయనా విడిచిపెట్టలేదు. ఆ తర్వాతనే ‘ఉమాసహస్రం’ రాశాడు, మంత్రోపాసననూ చివరిదాకా కొనసాగించాడు. ఆ ఉపదేశం మార్చింది దృష్టి నిలపవలసిన చోటును మాత్రమే: లెక్క పూర్తయితే దక్కే ఫలం మీది నుంచి చూపు, ఆ లెక్క పెడుతున్నది ఎవరన్న విచారణ వైపు మళ్లింది.