0.4 దాటితే లెక్క తప్పినట్టే

"గంటల తరబడి గేమ్ ఆడినా ఆగలేదు సార్. ఇంకా స్టేబుల్ కాదంటారేంటి?" అని తుళ్లూరులో అద్దెగదిలో ఉండి ఇంజినీరింగు చదివే కుర్రాడు అడిగాడు. బయోస్‌లో మల్టిప్లయర్ పెంచి, వోల్టేజీ కాస్త ఎక్కించి, ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పినదాని కంటే వేగంగా నడుపుతున్నాడు. ఆగిపోకుండా నడవడం వేరు, లెక్క తప్పకుండా నడవడం వేరు. నాకు ఇష్టమైనదంతా ఆ రెండో దాంట్లోనే ఉంది.

4 గిగాహెర్ట్జ్ అంటే ఒక్కో సైకిల్‌కు 250 పికోసెకన్లు. ఆ కాస్తలో వెలుగు కూడా ఏడున్నర సెంటీమీటర్లే పోతుంది. అంతలోనే సిగ్నల్ వరసగా ఎన్నో ట్రాన్సిస్టర్లు దాటి సున్నాగానో ఒకటిగానో కుదురుకోవాలి. తర్వాతి సైకిల్ మొదలవగానే రిజిస్టర్ దాన్ని పట్టేసుకుంటుంది. మిర్చి టిక్కీని కాటా మీద పెట్టాక ముల్లు నిలవకముందే గుమాస్తా తూకం రాసుకుంటే ఏమవుతుందో, ఇక్కడా అదే అవుతుంది. వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు త్వరగా మారతాయి, ముల్లు త్వరగా నిలుస్తుంది. అందుకే ఓవర్‌క్లాక్ చేసేవాళ్లు ముందు వోల్టేజీ మీద చెయ్యి వేస్తారు.

కంపెనీ ఎలాగూ కొంత వెసులుబాటు వదులుతుంది. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ కథ అందుకే ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని మల్టిప్లయర్ 4.5, మదర్‌బోర్డు బస్సు వేగం 66 మెగాహెర్ట్జ్; ఈ రెండూ గుణిస్తే వచ్చేదే చిప్పు వేగం. బస్సును 100కు మార్చగానే చవక చిప్పు 450 మెగాహెర్ట్జ్‌కు లేచి, ఖరీదైన పెంటియమ్ 2 పక్కన నిలబడింది. 128 కిలోబైట్ల క్యాష్ చిప్పులోనే ఉండి పూర్తి వేగంతో నడవడం దానికి కలిసొచ్చింది. ఇంటెల్‌కు పోటీ ఇంటెల్ నుంచే వచ్చిందన్నమాట!

సరే, కుర్రాడి ప్రశ్న. గేమ్‌లో ఒక పిక్సెల్ రంగు క్షణంపాటు మారితే ఎవరికి తెలుస్తుంది? తప్పును పట్టాలంటే, ఒక్క బిట్టు మారినా ఒప్పుకోని పని అప్పగించాలి. 1996లో అమెరికాలో జార్జ్ వోల్ట్‌మన్ మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట మొదలుపెట్టాడు. అందుకు రాసిన ప్రోగ్రామే ప్రైమ్95. లక్షల అంకెలున్న సంఖ్యను దానితోనే గుణించడం, మళ్లీ గుణించడం, వారాల తరబడి ఇదే పని. మధ్యలో ఒక్కచోట తప్పితే అన్ని వారాల కష్టమూ వృథా.

అంత పెద్ద సంఖ్యను మనం బడిలో నేర్చుకున్న పద్ధతిలో గుణిస్తే తెమలదు. అందుకని దాన్ని ముక్కలు చేసి, ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌తో దశాంశాల్లోకి మార్చి, అక్కడ గుణించి వెనక్కి తెస్తారు. వెనక్కి వచ్చిన ప్రతి ముక్కా సిద్ధాంతం ప్రకారం పూర్ణాంకమే కావాలి. కానీ దశాంశాల్లో చిన్న చిన్న కోతలు పడతాయి కాబట్టి 57కు బదులు 57.02 రావచ్చు. దాన్ని 57గా సవరిస్తే సరిపోతుంది. మరి 57.5 వస్తే? 57 అనాలా, 58 అనాలా? ఏ సంఖ్యైనా దగ్గరి పూర్ణాంకానికి 0.5 కంటే దూరంలో ఉండదు. అంటే 0.5 వచ్చిందంటే ఇక లెక్కలో ఆధారమే లేనట్టు. అందుకే వోల్ట్‌మన్ 0.4 దగ్గర గీత గీశాడు. తేడా అది దాటితే, హార్డ్‌వేర్‌ను పరీక్షించే టార్చర్ టెస్టులో ప్రైమ్95 హార్డ్‌వేర్ తప్పని ప్రకటించి పని ఆపేస్తుంది. జవాబు ఏమిటో ముందు తెలియకపోయినా, జవాబు తప్పని పట్టేయగలగడం! ఇంత పొదుపైన కాపలా నేనింకోటి చూడలేదు. ఆ టెస్టులో దీనికి తోడు, ముందే తెలిసిన జవాబులతో పోల్చి కూడా చూస్తుంది. 2016లో ఓవర్‌క్లాక్ చేయని ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలోని లోపం బయటపడిందీ ఈ ప్రోగ్రామ్ నడుపుతుంటేనే. ఇంటెల్ ఒప్పుకుని బయోస్ అప్‌డేట్‌తో సర్దింది.

ఇక తుళ్లూరు ఎండ. ప్రాసెసర్ తాగే కరెంటు వేగంతోపాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. రెండూ పదేసి శాతం పెంచితే 1.1 ఘనం, అంటే 100 వాట్లు 133 అవుతాయి. వాట్‌కు 0.4 డిగ్రీలు వేడెక్కనిచ్చే కూలర్ ఉంటే, గది కంటే 53 డిగ్రీలు పైన. డిసెంబరులో గది 25 ఉంటే చిప్పు 78. మే మధ్యాహ్నం గది 40కి చేరితే 93. చాలా ప్రాసెసర్లు 100 దగ్గర తామే వేగం తగ్గించుకుంటాయి. ఏ ఫ్యానూ గదిలోని గాలి కంటే చల్లగా చేయలేదు. కాబట్టి టెస్టు మే నెలలోనే పెట్టాలి, ఏసీ కట్టేసి మరీ.

సెలెరాన్ తర్వాతి చరిత్ర చెప్పడానికి పెద్దగా లేదు. మల్టిప్లయర్లకు ఇంటెల్ అప్పటికే తాళాలు వేసింది, తాళం లేనివాటికి తర్వాత 'కె' అక్షరం తగిలించి ధర పెంచింది. 2022లో ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్జ్ దాటించారు. అది రికార్డు కోసం కాసేపు నిలబెట్టిన వేగం, పని చేసుకునే వేగం కాదు. ఇప్పుడు టర్బో పేరుతో ఫ్యాక్టరీలోనే ఆ వెసులుబాటును పిండేస్తున్నారు, మనకు మిగిలేది తక్కువ. అందుకే ఆ కుర్రాడికి వేగం ఉన్నదున్నట్టే ఉంచి వోల్టేజీని మెల్లగా తగ్గించి చూడమన్నాను. వేడి తగ్గుతుంది. మరీ తగ్గిస్తే ముల్లు నిలవదు, ప్రైమ్95 అక్కడే ఆపేస్తుంది.