"ఎప్పుడు చెప్పారు? ఎలా చెప్పారు?"

కష్టంలో ఉన్నవాళ్లకు మన ఓదార్పు ఎంత ఊరటనిస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నాళ్లుగానో పరిశీలిస్తున్నారు. సంతోషంలో ఉన్నవాళ్లతో ఏం మాట్లాడాలన్న ప్రశ్న వాళ్లకు ఆలస్యంగా తట్టింది. అమెరికాలో షెల్లీ గేబుల్, హ్యారీ రీస్ తదితరులు 2004లో ప్రచురించిన పరిశోధన ఈ వైపు దృష్టి మళ్లించింది. కొందరిచేత రోజూ డైరీ రాయించి చూశారు. తమకు జరిగిన మంచిని ఎవరితోనైనా చెప్పుకున్న రోజు, ఆ మంచి తెచ్చిన ఉల్లాసానికి ఇంకొంత తోడవుతోంది.

అయితే అదంతా వినేవాళ్ల చేతిలో ఉంది. "అమ్మా, ప్రమోషన్ వచ్చింది" అని కూతురు ఫోన్ చేసిందనుకోండి. "అబ్బ! ఎప్పుడు చెప్పారు? మీ మేనేజరు ఏమన్నారు?" అనొచ్చు. "మంచిదమ్మా" అని ఊరుకోవచ్చు. "ఇక ఇంటికి ఏ అర్ధరాత్రికో వస్తావు, పిల్లల్నెవరు చూస్తారు?" అనొచ్చు. "సరేగానీ, గ్యాస్ బుక్ చేశావా?" అనీ అనొచ్చు. గేబుల్ బృందం స్పందనల్ని ఇలాగే నాలుగుగా విడదీసింది. అన్యోన్యంగా ఉన్న జంటల్లో ఎక్కువగా కనిపించింది మొదటి రకమే. మిగతా మూడూ, పాపం ఆ "మంచిదమ్మా"తో సహా, అంతంతమాత్రపు అనుబంధాల వైపే తేలాయి.

మన ఇళ్లలో ఆ పొడిమాట వెనుక తరచుగా ఉండేది దిష్టి భయం, ఎదుట పొగడకూడదన్న పట్టింపు. కానీ మొదటి జవాబులో పొగడ్త ఎక్కడుంది? ఉన్నవి రెండు ప్రశ్నలు. జరిగింది తనకెంత ముఖ్యమో అవతలివాళ్లకు అర్థమైందన్న నమ్మకం చెప్పేవాళ్లకు కలగాలి. ఆరా తీస్తే అది కలుగుతుంది.

2006లో గేబుల్ నాయకత్వంలో మరో బృందం 79 ప్రేమ జంటల్ని ప్రయోగశాలకు పిలిచి, ఒక మంచి విషయం, ఒక చెడ్డ విషయం మాట్లాడించి వీడియో తీసింది. రెండు నెలల తర్వాత వాళ్ల బంధం ఎలా ఉందో చూస్తే, దాన్ని ముందుగా పట్టిచ్చింది ఓదార్చిన తీరుకన్నా సంతోషాన్ని అందుకున్న తీరే. కారణం ఇదై ఉండొచ్చు: సాయం అందుకోవడంలో 'నావల్ల కాలేదు' అన్న చిన్నతనం కలవొచ్చు. శుభవార్త చెప్పేవాళ్లకు ఆ బరువు లేదు.

మరి అసూయ? మనస్తత్వవేత్త ఏబ్రహం టెస్సర్ సిద్ధాంతం ప్రకారం మన రంగానికే చెందిన మనిషి ఎంత దగ్గరివాడైతే, అతని గెలుపు అంత గుచ్చుకుంటుంది. గ్రూప్-2కి కలిసి చదివిన స్నేహితుడికి పోస్టు వచ్చి మనకు రాకపోతే, "నాకెంత ఆనందంగా ఉందో" అన్న మాట గొంతులోనే అతుక్కుపోతుంది. నన్నడిగితే అక్కడ ఆనందం నటించనక్కర్లేదు. "ఏ జిల్లా ఇచ్చారు? ఇంట్లో ముందు ఎవరికి చెప్పావు?" అని అడగడానికి అబద్ధం అవసరం లేదు.