మూపురం ఏ ముక్క?

బ్రెజిల్‌లో నిప్పుల మీద మాంసం కాల్చి వడ్డించే హోటళ్లలో 'కుపీం' అనే ముక్కకు మంచి గిరాకీ. అది ఎద్దు మూపురం. అమెరికా కసాయి దుకాణాల్లో గోడకు తగిలించే పటంలో దానికి చోటు లేదు. అక్కడి ఆంగస్, హెర్‌ఫర్డ్ పశువులకు మూపురమే ఉండదు మరి. బ్రెజిల్‌కు ఆ మూపురం చేరింది ఎక్కువగా మన ఒంగోలు జాతితో. ఆ దేశపు మాంసపు మందల్లో అధిక భాగం ఒంగోలు పశువుల సంతతి. నెల్లూరు పేరు మీదే అక్కడ వాటిని 'నెలోర్' అంటారు. ఇక్కడ దుక్కికీ బండలాగుడు పోటీలకూ పెంచిన పశువు అక్కడ పళ్లెంలోకి చేరింది.

మూపురం కింద ఏముందో చూద్దాం. మనకున్నట్టు పశువుకు కంటె ఎముక లేదు. ముందుకాళ్లు వెన్నెముకకు ఎముకతో అతుక్కొని ఉండవు. రెండు రెక్క ఎముకల మధ్య మొండెం కండరాల మీదే వేలాడుతుంది. నిలబడ్డ పశువు బరువులో సగానికి మించి ముందుకాళ్ల మీదే పడుతుంది. అందుకే మెడ, జబ్బ, రొమ్ము దగ్గరి మాంసం గట్టిది. పని ఎక్కువ చేసే కండరంలో కొల్లాజెన్ ఎక్కువ. ఇది మూడు పోగులు కలిపి పేనిన తాడులాంటి ప్రొటీన్. 60 డిగ్రీలు దాటాక ముడుచుకొని కండలోని నీటిని పిండేస్తుంది. ఇంకా వేడెక్కి, తడిలో గంటల తరబడి ఉడికితే కరిగి జెలటిన్ అవుతుంది. కాబట్టి పిక్క మాంసాన్ని సగంలో దించితే పచ్చిదానికన్నా మొండికేస్తుంది. హైదరాబాద్‌లో నిహారీని రాత్రంతా సన్నటి సెగ మీద ఉంచడంలో ఉన్న శాస్త్రం ఇంతే.

అండర్‌కట్ కథ వేరు. నడుము ఎముకల లోపలివైపు దాక్కున్న ఆ పొడవాటి కండకు పెద్దగా పని ఉండదు. అందుకే మెత్తన. పశువు మొత్తం మీద దొరికేది కాస్తే కనుక ధర ఎక్కువ.

పని చేసే చోటల్లా గట్టి మాంసమే అనుకుంటే పొరపాటు. రెక్క ఎముక పైభాగాన్ని అంటుకొని ఉండే ఒక కండరం మెత్తదనంలో అండర్‌కట్ తర్వాతి స్థానంలో నిలిచింది. నడిమధ్యన మందపాటి పొర ఉండటంతో దాన్ని చాలాకాలం ఖీమాలోకి తోసేశారు. 2000 ప్రాంతంలో నెబ్రాస్కా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల వాళ్లు కండరాలను విడివిడిగా పరీక్షించాక, ఆ పొర తీసేసి 'ఫ్లాట్ ఐరన్' పేరుతో అమ్మకానికి పెట్టారు.

ఇక మూపురం. ఒంటె మూపురంలా ఇది ఒట్టి కొవ్వు కాదు. రెక్క ఎముకను వెన్నుకు పట్టి ఉంచే రాంబాయిడ్ కండరమే ఇక్కడ ఉబ్బి పైకి లేచింది. కోసి చూస్తే ఎర్రటి పోగుల నడుమ తెల్లటి కొవ్వు చారలు చారలుగా కనిపిస్తుంది. నెలోర్ మాంసంలో మిగతాచోట్ల ఇంత కొవ్వు ఉండదు. పైగా మూపురం జాతుల మాంసం మెత్తబడటమూ ఆలస్యమే. కోసిన పశువు కండలో కాల్పెయిన్ అనే ఎంజైములు పోగులను మెల్లగా తెంచుతాయి. వాటికి అడ్డుపడే కాల్పస్టాటిన్ ఈ జాతుల్లో ఎక్కువ.

అందుకే కుపీంను అల్యూమినియం రేకులో గట్టిగా చుట్టి గంటల కొద్దీ సన్నటి సెగ మీద మగ్గిస్తారు. తర్వాత విప్పి, పైభాగం ఎర్రబడేదాకా కాల్చి, పోగులకు అడ్డంగా పల్చగా కోస్తారు. ఆవు మూపురం చిన్నది. పెద్ద ముక్క కావాలంటే మగ పశువుదే కావాలి.